గీతకు వెనక అంచు

నోరు మూసుకుని పది నిమిషాలు నిలబడడం నా వల్ల కాదని మా ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. పాతికేళ్లు పైబడి శనివారం మధ్యాహ్నాలు కాలేజీ మైదానంలో, తూర్పు వైపు మెట్ల మీద మూడో వరుసలో కూర్చుని నేను పెట్టిన కేకలకి, మైలు అవతల గెరిట్ వాళ్ల కొట్టంలో ఆవులు పాలు ఎగ్గొట్టేవని ఒక పుకారు. ఆ పుకారు పుట్టించింది మా ఆయనే. అలాంటిదాన్ని, పోయిన ఏడు ఊళ్లో జరిగిన ఆరు ఆటలకీ అదే మైదానం అంచున నోటికి తాళం వేసుకుని నిలబడ్డాను. ఆరో ఆటలో మాత్రం ఆ నోరు రెండుసార్లు తెరిచాను. ఒకసారి తెరవకూడనప్పుడు తెరిచాను. రెండోసారి, మూసుకోమంటే తెరిచాను. ఆ రెండిటి సంగతే ఇది.

మా ఆయన వెర్లిన్ ఇరవై ఎనిమిదేళ్లు గొలుసు జట్టులో ఉన్నాడు. మా ఫుట్‌బాల్ కాలితో తన్నేది కాదు, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తేది, అంతా పది గజాల పేచీ. నాలుగు విడతల్లో బంతిని పది గజాలు ముందుకు తీసుకుపోతే ఇంకో నాలుగు విడతలు ఇస్తారు, పోలేకపోతే బంతి అవతలివాళ్లది. ఆ పది గజాలు కొలవడానికి రెండు కర్రల మధ్య ఒక గొలుసు ఉంటుంది. దాన్ని పట్టేది ఊళ్లోవాళ్లే, జీతం లేదు, నారింజరంగు చొక్కా ఒకటి ఇస్తారు. వెర్లిన్ పని ఆ గొలుసుకి క్లిప్పు తగిలించడం. వినడానికి జడకి పిన్ను పెట్టినంత సులువు. ఏప్రిల్‌లో, మొక్కజొన్న విత్తనానికి ట్రాక్టరు బయటికి తీసిన రోజు పొద్దున్నే, గుండె ఆగి ఆ ట్రాక్టరు పక్కనే పడిపోయాడు. క్లిప్పూ చొక్కా వంటింట్లో మేకుకి అలాగే వేలాడుతూ ఉండిపోయాయి.

ఆగస్టులో గెరిట్ వచ్చాడు. గొలుసు జట్టుకి పెద్ద అతనే, ముందు కర్ర పట్టేదీ అతనే. మాది పక్కపక్క పొలం. తలుపు దగ్గర టోపీ నలుపుకుంటూ నిలబడ్డాడు.

"ఆర్డిత్, మరి ఆ క్లిప్పు..."

"దానికేమొచ్చింది?"

"ఎవరినో ఒకరిని చూసుకోవాలి కదా. కొత్తగా వచ్చిన లెక్కల మాస్టారు చేస్తానంటున్నాడు."

"ఆయనెందుకు? నేను చేస్తాను."

గెరిట్ నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి నవ్వు ఆపేశాడు.

"మహాతల్లీ, అక్కడ కిక్కురుమనకూడదు. చప్పట్లు కొట్టకూడదు. మనవాళ్లు గెలిచినా ఓడినా, ఆకాశం ఊడి నెత్తిన పడినా, మొహం గోడలా పెట్టుకోవాలి. నీది గోడలాంటి మొహమా? నోరు తెరిస్తే తుపాను సైరను."

"చర్చిలో గంటసేపు మూసుకునే ఉంటున్నాను కదా?"

"చర్చిలో నోట్లో పిప్పరమెంటు ఉంటుంది."

"అయితే అక్కడా ఉంటుంది."

మా చర్చిలో అదొక ఆచారం. పాస్టరుగారు ప్రసంగానికి గొంతు సవరించుకోగానే ప్రతి బల్ల చివరా పిప్పరమెంట్ల చుట్ట ఒకటి బయటికొస్తుంది. ఒకటి తీసుకుని పక్కవాళ్లకి అందించాలి. మా తాతలు హాలెండు నుంచి ఓడ దిగినప్పుడు బైబిలుతో పాటు తెచ్చుకున్నది అదొక్కటే అంటారు. బిళ్ల కరిగేదాకా ఎవరూ పెదవి విప్పరు.

గెరిట్ టోపీ తలకి పెట్టుకున్నాడు. "కొడుకు ఆడుతుంటే తల్లి క్లిప్పు పట్టుకోవడమేమిటని అడుగుతారు."

"మూడేళ్లు తండ్రి పట్టుకుంటే ఎవరూ అడగలేదే?"

దాంతో గెరిట్ ఒప్పుకుని మెట్లు దిగాడు. నిజం చెప్పాలంటే, నాకైనా సరైన కారణం ఒకటి ఉందా అంటే చెప్పలేను. మూడో వరుసలో కూర్చుని, వెర్లిన్ నిలబడే చోట ఇంకొకరి వీపు చూస్తూ కేకలు వెయ్యడం నా వల్ల కాదనిపించింది, అంతే.

మర్నాడే గెరిట్ మా పెరట్లో గడ్డి మీద సున్నంతో గీత గీసి నేర్పడం మొదలుపెట్టాడు. "మైదానంలో ఐదేసి గజాలకి అడ్డంగా ఇలాంటి గీత ఒకటుంటుంది, వెడల్పు నాలుగంగుళాలు. దానికి రెండు అంచులు. బంతి వచ్చిన వైపుది వెనక అంచు, బంతి పోవాల్సిన వైపుది ముందంచు. గొలుసు నేల మీద పరుస్తాం. వెనక అంచు మీదికి గొలుసులో ఏ కడియం వస్తే దానికే క్లిప్పు. రేప్పొద్దున కొలత అడిగితే, రెఫరీ ఆ క్లిప్పు పట్టుకుని మైదానం మధ్యకి పోయి, అదే గీతకి వెనక అంచు మీద పెడతాడు. అక్కణ్ణుంచి గొలుసు లాగితే ముందు కర్ర ఎక్కడ నిలబడాలో అక్కడే నిలబడుతుంది. నువ్వు పొరపాటున ముందంచు దగ్గర తగిలించావనుకో, కర్ర నాలుగంగుళాలు వెనక్కి వచ్చేస్తుంది. ఏ అంచు?"

"వెనక అంచు."

"నిద్రలో లేపి అడిగితే?"

"నిద్రలో లేపితే తంతాను. ఆ తర్వాత వెనక అంచు అంటాను."

బ్రాంట్‌కి ఈ సంగతి రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. వాడికి కాళ్లు వాళ్ల నాన్నవి, మొండితనం నాది. ముప్పై నాలుగో నంబరు, కాలేజీలో నాలుగో ఏడు, అంటే ఆఖరి ఏడు. బంతి పొట్టకి హత్తుకుని తలొంచుకుని గుంపులోకి దూసుకుపోవడం వాడి పని. చెంచా గిన్నెలో పెట్టేసి నన్ను చూశాడు.

"అమ్మా, సీజనంతా? నోరెత్తకుండా?"

"సీజనంతా."

"ఎవరు పందెం కాశారు?"

"నోరు ముయ్యి, తిను."

"చూశావా, ఇప్పుడే మొదలెట్టావు," అన్నాడు. నవ్వాడు కానీ, ఇంకేదో అడగబోయి ఊరుకున్నాడు. నేను పట్టించుకోలేదు.

సెప్టెంబరు, అక్టోబరు ఎలా గడిచాయో దేవుడికి తెలియాలి, మా ఊరి పళ్ల డాక్టరుకి తెలియాలి. ఆటకో పిప్పరమెంటు చుట్ట. వాడు బంతి తీసుకుని నా ముందు నుంచి, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్నుంచి పోతుంటే, "దున్నెయ్ రా, బ్రాంట్, దున్నెయ్!" అన్న కేక కడుపులోంచి గొంతు దాకా వచ్చేది. ముప్పై అడుగుల అవతలికి కూడా వినపడేలా బిళ్ల పటుక్కుమనేది. కక్కలేను, మింగలేను. రెండో ఆటలో అవతలి జట్టు కోచ్ మావాణ్ణి నా పక్కనే నిలబడి ఒక మాట అన్నాడు. ఆ మాట ఇక్కడ రాయను. ఆరోజు రెండు బిళ్లలు ఒకేసారి వేసుకున్నాను.

వెర్లిన్ ఇరవై ఎనిమిదేళ్లు ఎలా తట్టుకున్నాడో అప్పుడు ఆలోచించాను. బ్రాంట్ మొదటి ఏడు మొదటిసారి బంతిని గోలు గీత దాటించినప్పుడు వెర్లిన్ పదడుగుల దూరంలో ఉన్నాడు. వంగి క్లిప్పు తీశాడు, లేచి నిలబడ్డాడు, అంతే. నేను మెట్ల మీద గొంతు పోయేలా అరుస్తూ, ఈ మనిషి గుండె రాయా అనుకున్నాను. ఇప్పుడు అక్కడ నిలబడి చూస్తే తెలిసింది, రాయి కాదు. క్లిప్పుకి చుట్టాలుండరు అనేవాడు. ఇంట్లో దేనికైనా అదే మాట అనేసి నన్ను ఏడిపించేవాడు.

మొత్తానికి మావాళ్లు గెలుస్తూ వచ్చారు. నవంబరు రెండో శనివారం, ఆఖరి ఆట రివర్టన్ కాలేజీతో, మా ఊళ్లోనే. గెలిచినవాళ్లు తర్వాతి పోటీలకి వెళ్తారు, అంటే ఇంకో శనివారం ఉంటుంది. ఓడినవాళ్లకి అక్కడితో సరి. మాలాంటి చిన్న కాలేజీలో ఆడేవాళ్లని ఏ పెద్ద జట్టూ పిలవదు. తొమ్మిదేళ్లప్పుడు వేసుకున్న భుజాల కవచం ఆఖరి ఆట రోజున విప్పి కాలేజీకి ఇచ్చేస్తారు, మళ్లీ తొడుక్కునేది లేదు.

శుక్రవారం మధ్యాహ్నం బ్రాంట్ ఇంటికి వచ్చాడు. బీన్సూ మాంసం వేసి చిల్లీ వండాను, పక్కన దాల్చినచెక్క రొట్టె. రెండూ కలిపి తినడం చూసి బయటి రాష్ట్రాలవాళ్లు నవ్వుతారు, నవ్వనీ. కిటికీలోంచి కోయకుండా మిగిలిన ఎనభై ఎకరాల మొక్కజొన్న కనబడుతోంది.

"రేపు ఓడితే ఇంక ఇంతే కదమ్మా," అన్నాడు.

"ఓడరు."

"ఓడితే అంటున్నాను."

"ఓడితే సోమవారం నుంచి ఆ ఎనభై ఎకరాలూ నువ్వు కొయ్యాలి. గెలిస్తే గెరిట్ కోస్తానన్నాడు. అందుకైనా గెలువు."

వాడు రొట్టె చిల్లీలో ముంచుకుని తిన్నాడు. "ఇంకొక్క వారం కావాలి నాకు. ఒక్కటి చాలు. నాన్న లేడని ఏడవకుండా ఉండేది ఆ రెండు గంటలే," అన్నాడు, గిన్నెలోకి చూస్తూ. నేను ఇంకో రొట్టె వాడి పళ్లెంలో పెట్టాను.

శనివారం గాలి ఉత్తరం నుంచి కోస్తోంది. నాలుగు వేల మంది వచ్చారు, మా ఊరి జనాభా కంటే ఎక్కువ. ఆట సంగతి ముందు నుంచీ చెప్పుకుంటూ పోతే పొద్దుపోతుంది. ఆఖరికి రెండు నిమిషాల చిల్లర మిగిలింది. రివర్టన్ ఇరవై ఒకటి, మేము పదిహేడు. గోలు గీత దాటితే తప్ప గెలవలేం. బంతి మా దగ్గరే ఉంది కానీ, పోవాల్సిన దూరం డెబ్భై గజాలు. మూడో విడతలో బంతి బ్రాంట్ చేతికొచ్చింది.

గుంపులోకి దూరతాడనుకున్నాను. దూరలేదు. బయటికి తిరిగి నేరుగా మా అంచు వెంబడే వచ్చాడు. ఒకణ్ణి భుజంతో తోసేశాడు. ఇంకొకడు కాళ్లు పట్టుకుంటే వాణ్ణి ఈడ్చుకుంటూ నాలుగడుగులు వేసి విదిలించుకున్నాడు. నా పక్క నుంచి పోయాడు. ఊపిరి వినబడింది, బురద చింది నా మొహాన పడింది.

"దున్నెయ్ రా! దున్నెయ్!"

పిప్పరమెంటు ఎటు ఎగిరిపోయిందో తెలియదు. రెండు చేతులూ గాల్లో ఉన్నాయి. మూడు నెలల మూట ఒక్కసారి విప్పినట్టు అరిచాను. ముప్పై గజాల అవతల వాణ్ణి పడగొట్టారు.

మా పక్క రెఫరీ హ్యూబర్‌గారు, ఎక్కణ్ణుంచో వచ్చిన పెద్దమనిషి, వెనక్కి తిరిగి నన్ను చూశాడు. "అమ్మా," అన్నాడు, అంతే. తల తీసి మొలేసినట్టయింది. గెరిట్ అప్పటికే కర్ర పట్టుకుని పరిగెడుతున్నాడు, "పద, పద, గడియారం ఆగదు" అంటున్నాడు. అందరం కొత్త చోటికి పరిగెత్తాం. గొలుసు పరిచారు. వంగాను. చేతులు వణుకుతున్నాయి, కళ్లలో నీళ్లు, గాలికో మరి దేనికో. క్లిప్పు తగిలించాను. బంతి కదిలింది.

మొదటి విడత నాలుగు గజాలు. రెండోది సున్నా. మూడోది నాలుగు. ఇక నాలుగో విడత, రెండు గజాలు పోవాలి, గడియారంలో నలభై సెకన్లు. బంతి ఎవరికిస్తారో మైదానం బయట పాప్‌కార్న్ అమ్మేవాడికి కూడా తెలుసు. బ్రాంట్ తలొంచుకుని దూకాడు. మనిషి మీద మనిషి, కొండలా పడ్డారు. ఒక్కొక్కరినీ లాగి బంతి ఉన్న చోటు చూసి, రెఫరీలు కొలత అడిగారు.

హ్యూబర్‌గారు క్లిప్పు దగ్గర గొలుసు పట్టుకున్నాడు. "ఇక్కడే నిలబడండి, జాగా వదలకండి," అన్నాడు నాతో. క్లిప్పు ఉన్న చోట బూటు మొన ఆనించి నిలబడ్డాను. ఆయనా, గెరిట్, వెనక కర్ర పట్టేవాడూ, ముగ్గురూ గొలుసెత్తుకుని మైదానం మధ్యకి వెళ్లారు. నాలుగు వేల మందిలో ఒక్కరు దగ్గలేదు. గీత మీద క్లిప్పు పెట్టారు. గెరిట్ గొలుసు బిగదీసి కర్ర నిలబెట్టాడు. బంతి ముక్కు కర్రని దాటి ఉంది. రెండంగుళాలు, అంతే. రెఫరీ చెయ్యి గోలు వైపు చాపాడు.

అప్పుడు లేచినలాంటి హోరు నేనెన్నడూ వినలేదు. మెట్లు అదిరిపోయాయి. బ్రాంట్ హెల్మెట్ రెండు చేతులతో పట్టుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు. ఇంకో నాలుగు విడతలు. ఇంకో శనివారం. నాకు కూడా ఎగరాలనిపించింది, ఈసారి అరవకూడదని తల దించుకున్నాను.

దించుకుంటే నా బూటు కనబడింది.

ఎప్పుడూ క్లిప్పు పెట్టాక, దానికి అవతల, గోలు వైపు, తెల్లగా గీత కనబడేది. ఇప్పుడు తెలుపంతా నా బూటుకి ఇవతల ఉంది. నా బూటు మొన ఆనింది ముందంచుకి.

ఒకటికి రెండుసార్లు చూశాను. ఎటు చూసినా నాలుగంగుళాలు నాలుగంగుళాలే.  గెరిట్ కర్ర భుజాన వేసుకుని, పళ్లన్నీ బయటపెట్టి వస్తున్నాడు.

"గెరిట్, క్లిప్పు ముందంచుకి పెట్టాను."

నవ్వు అలాగే ఉంది, కళ్లు మాత్రం మారిపోయాయి. నా బూటు వైపు చూశాడు. నలభై ఏళ్లుగా పొలాలు కొలిచినవాడు, అతనికి ఇంకోసారి చెప్పక్కర్లేదు. దగ్గరికొచ్చి, పెదవులు కదపకుండా అన్నాడు.

"ఆర్డిత్, నోరు మూసుకో."

ఆగస్టు నుంచి అతను నాకు ఈ మాట వందసార్లు చెప్పి ఉంటాడు. వందసార్లూ అతనిదే న్యాయం.

"మన బ్రాంట్," అన్నాడు మళ్లీ, ఇంకా నెమ్మదిగా. "ఆర్డిత్, వాడు మన బ్రాంట్."

నాకు తెలియదా? వాడు మైదానం మధ్య నిలబడి జట్టుని దగ్గరికి పిలుస్తున్నాడు. ఇంకొక్క వారం, ఒక్కటి చాలు అన్నాడు. ఆ క్లిప్పు వాళ్ల నాన్న చేతిలో ఇరవై ఎనిమిదేళ్లు అరిగింది. ఇంకో పది సెకన్లు ఊరుకుంటే బంతి కదులుతుంది, ఆ తర్వాత దేవుడు దిగివచ్చి చెప్పినా లెక్కలోకి రాదు. ఊరుకోవడం ఎంత సులువో అంత సులువు. మూడు నెలలు అదే సాధన చేశాను.

"హ్యూబర్‌గారూ!"

ఆ కేక ఆపడం ఎవరి తరం కాదు. మెట్ల మీద హోరులోంచి కూడా ఆయనకి వినబడింది. వచ్చాడు. చెప్పాను. ఆయన నా బూటు చూశాడు, నన్ను చూశాడు.

"నిశ్చయమేనా, అమ్మా?"

"నా తప్పే. నిశ్చయం."

ఆయన విజిల్ ఊదాడు. మళ్లీ గొలుసు తెచ్చారు. క్లిప్పు తీసి వెనక అంచు దగ్గర కడియానికి నేనే తగిలించాను. తెలుపు గోలు వైపు ఉందో లేదో చూసుకున్నాను. మళ్లీ ముగ్గురూ మధ్యకి వెళ్లారు. గెరిట్ కర్ర నిలబెట్టాడు, వంగి చూశాడు, తల ఎత్తలేదు. బంతి ముక్కుకీ కర్రకీ మధ్య రెండంగుళాలు ఖాళీ. రెఫరీ చెయ్యి అటు వైపు తిప్పాడు, బంతి రివర్టన్‌ది.

బ్రాంట్ నా వైపు చూశాడు. మళ్లీ కొలిపించింది ఎవరో వాడికి తెలుసు, నేను రెఫరీతో మాట్లాడడం చూశాడు. హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని నడుచుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. రివర్టన్‌వాళ్లు బంతి చేతిలో పెట్టుకుని మోకాలు నేలకి ఆనించి, ముందుకి ఆడకుండానే మిగిలిన సెకన్లు అవగొట్టారు.

బయట కార్ల దగ్గర, ఆటయ్యాక అందరూ కలిసి తినడానికి తెచ్చుకున్న చిల్లీ గిన్నెల మీద మూతలు పడుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. పెళ్లిలో ఆకలి వేసినవాళ్లలా ఎప్పుడూ నా కారు చుట్టూ తిరిగేవాళ్లు ఒక్కరు దగ్గరికి రాలేదు. ఎవరో అన్నారు, నాకు వినబడాలనే అన్నారు: "వెర్లిన్ ఉంటే ఇలా జరిగేదా?"

జరిగేది కాదు. నిజమే కదా, ఏమంటాం?

బ్రాంట్ సాయంత్రం వచ్చాడు. కవచం ఇచ్చేసి వచ్చాడు, సంచీ ఖాళీగా ఉంది. కుర్చీలో కూర్చుని బూట్ల తాళ్లు విప్పుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు.

"నాన్న అయితే తప్పు పెట్టేవాడు కాదు."

"కాదు."

"పెడితే?"

"పెడితే చెప్పేవాడు."

వాడు బూట్లు చేత్తో పట్టుకుని మేడ మీదికి వెళ్లిపోయాడు. నేను వంటింట్లో కూర్చుని తనివితీరా ఏడ్చాను. తప్పు చెప్పినందుకు కాదు. చేసినందుకు. అభిమానం మంచిదే కానీ అది చేతి వేళ్లలోకి దిగకూడదని యాభై నాలుగేళ్లొచ్చాక తెలిసింది నాకు.

ఆదివారం చర్చికి వెళ్లడం మానేస్తే, తప్పు చేసి దాక్కున్నట్టుంటుంది. మంచి కోటు వేసుకుని వెళ్లాను. బ్రాంట్ మాటా పలుకూ లేకుండా వచ్చి నా ఎడమ పక్కన కూర్చున్నాడు. కుడి పక్కన గెరిట్ భార్య డోర్కస్, ఆమెకి అవతల గెరిట్. ఆ బల్ల మీద మేం అదే వరుసలో ఇరవై ఏళ్లుగా కూర్చుంటున్నాం. పాస్టరుగారు గొంతు సవరించుకున్నాడు. అటు చివర నుంచి పిప్పరమెంటు చుట్ట బయలుదేరింది. గెరిట్ తీసుకున్నాడు. డోర్కస్ తీసుకుంది. తీసుకుని, నా ఒడి మీదుగా చెయ్యి చాపి, ఆ చుట్ట బ్రాంట్‌కి అందించింది. నా వైపు చూడనైనా లేదు.

రివర్టన్ చేతిలో ఓడడం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకని ఊరికే అనలేదు.  పాటల పుస్తకం అట్ట చూస్తూ కూర్చున్నాను.

బ్రాంట్ చుట్ట తీసుకున్నాడు. ఒక బిళ్ల తీసి నోట్లో వేసుకున్నాడు. చుట్ట అవతలివాళ్లకి ఇవ్వలేదు. ఇంకో బిళ్ల తీశాడు. నా చెయ్యి తీసుకుని, వేళ్లు విప్పి, అరచేతిలో పెట్టి, మళ్లీ వేళ్లు ముడిచాడు. ఆ తర్వాతే చుట్ట పక్కకి అందించాడు. పాస్టరుగారు ఆరోజు ఏం చెప్పాడో నాకు ఒక్క ముక్క గుర్తులేదు.

బయటికొచ్చాక మెట్ల దగ్గర గెరిట్ ఆగాడు. టోపీ నలపడం మొదలుపెట్టాడు.

"ఆర్డిత్, వచ్చే ఏడాదికి కాలేజీవాళ్లు... ఆ లెక్కల మాస్టారు ఇంకా..."

"వచ్చే ఏడూ నేనే. క్లిప్పు మా వంటింట్లో మేకుకే ఉంది. కావాలన్నవాళ్లని వచ్చి నా చేతిలోంచి తీసుకోమను."

"కోపం కాదు కానీ..."

"నాకూ కోపం కాదు. ముందంచుకి ఇంకెప్పుడూ పెట్టను. ఆ లెక్కల మాస్టారు ఇంకా ఒక్కసారైనా పెట్టలేదు కదా, ఆయన ఎప్పుడు పెడతాడో ఏం తెలుసు నీకు?"

గెరిట్ నేల చూపులు చూశాడు. "నిన్న నేనన్న మాట..." అన్నాడు.

"ఏ మాట? నాకేం వినపడలేదు," అన్నాను. అతను టోపీ పెట్టుకుని, నేను వద్దన్నా ఆ ఎనభై ఎకరాల్లో సగం తనే కోస్తానని చెప్పి వెళ్లాడు.

కారు బ్రాంట్ నడిపాడు, అప్పటిదాకా గుప్పిట్లో దాచుకున్న బిళ్ల నేను నోట్లో వేసుకున్నాను. ఇంటి వైపు తిప్పలేదు. కాలేజీ మైదానం దగ్గర ఆపాడు. గేటు తీసే ఉంది. గాలికి కాగితం గ్లాసులు దొర్లుతున్నాయి. వెనక సీట్లోంచి ఒక పాత బంతి తీసుకుని నడిచాడు, వెనకే నేను, మంచి బూట్లతో, బురదలో. నిన్న గొలుసు ఆగిన గీత దగ్గర నిలబడ్డాడు.

"నేను ఇక్కడి దాకా పరిగెత్తినప్పుడు అరిచావు కదూ?"

"అరిచాను. అందుకే చెయ్యి వణికింది. అందుకే క్లిప్పు తప్పింది. ఆ కేక లేకపోతే..."

"అమ్మా, నాకు వినబడింది."

వాడు బంతి మీద మట్టి దులిపాడు.

"నాన్న ఎప్పుడూ అరవలేదు. సరే, నువ్వున్నావు కదా అనుకునేవాణ్ణి. ఈ ఏడు నువ్వూ మానేశావు. నాలుగు వేల మంది అరుస్తున్నా నాకు మైదానమంతా మూగదైపోయినట్టుండేది. ఆగస్టులో నీకు చెబుదామనుకున్నాను, వద్దమ్మా, మెట్ల మీదే ఉండమని. నాన్న చొక్కా వేసుకుని అద్దంలో చూసుకుంటున్నావు, చెప్పలేకపోయాను." బంతి చేతులు మార్చుకున్నాడు. "నిన్న ఆ పరుగులో ఇద్దరు పట్టుకున్నారు నన్ను. పడిపోవాల్సింది. నువ్వు అరిచావు."

నా నోట్లో పిప్పరమెంటు ఇంకా కొంచెం మిగిలే ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాను. 

వాడు పది గజాలు వెనక్కి వెళ్లాడు. చర్చి చొక్కా చేతులు మడుచుకుని, బంతి పొట్టకి హత్తుకున్నాడు.

"అమ్మా, ఆ బిళ్ల ఉమ్మెయ్."

ఉమ్మేశాను.

వాడు తలొంచుకుని పరిగెత్తాడు. గీత దాటాడు, కర్ర నిలబడిన చోటు దాటాడు, రెండంగుళాలు కాదు, రెండు గజాలు కాదు, ఆగనే లేదు. నేను రెండు చేతులూ ఎత్తి, ఏప్రిల్ నుంచి మింగినదంతా కలిపి, "దున్నెయ్ రా, బ్రాంట్, దున్నెయ్!" అని అరిచాను. రోడ్డవతల ఇళ్లలో రెండు తలుపులు తెరుచుకున్నాయి. ఆదివారం పూట ఎవరీ పిచ్చిదని, అక్కడ చెల్లెలింటికి భోజనానికి వచ్చిన డోర్కస్ వరండాలోకి వచ్చి చూసింది. చూడనీ అనుకుని, ఇంకోసారి అరిచాను.